సంచిలో పుస్తకం

పోయిన జూలైలో ఒకరోజు అమీర్‌పేటలో మెట్రో మారుతుంటే నా బ్యాగులోంచి ఆవకాయ వాసన వచ్చింది. పొద్దున హడావిడిలో టిఫిన్ డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. జనాన్ని తప్పించుకుని ఒక స్తంభం పక్కన నిలబడి జిప్పు తీసి చూశాను. లాప్‌టాప్‌కి ఏం కాలేదు, దానికి దాని అర ఉంది. చార్జరు బాగానే ఉంది. గొడుగుకి కొంచెం అంటింది. కారిన నూనె మొత్తం పోయి పోయి అడుగున పడున్న అమ్మమ్మ బైబిలుకే పట్టింది.

నల్ల రెక్సిను మీద నూనె మరక పెద్దగా కనపడదు. కానీ కింది మూల దగ్గర రెక్సిను ఎప్పుడో ఊడిపోయి లోపలి అట్ట బయటికొచ్చి ఉంది. ఆ అట్ట నూనెని పీల్చుకుంది. అక్కణ్నుంచి చివరి పేజీల్లోకి పాకింది. ప్రకటన గ్రంథం పేజీలు అద్దాల్లా అయిపోయి, ఒక పేజీలోంచి దాని వెనక పేజీ అక్షరాలు తిరగబడి కనపడుతున్నాయి.

ఆ రాత్రి ఇంటికెళ్లి నేను చేసిన మొదటి పని, ఫోన్‌లో బైబిలు కవరు వెతకడం. మూడు రోజుల్లో వచ్చే ఒక మామూలు వస్తువు అది. దాన్ని కొన్నాక ఒక ప్రశ్న పట్టుకుంది. ఇన్ని నెలలైనా వదల్లేదు. ఆ ప్రశ్న గురించే ఇదంతా.

*

పుస్తకం చదివితే నలుగుతుందని మనం అనుకుంటాం. రోజూ బ్యాగులో మోసి చూడండి, చదవకుండానే నలుగుతుంది. మనం వేసే ప్రతి అడుగుకీ అది లోపల కొంచెం కదులుతుంది. కదిలినప్పుడల్లా తాళాలకో, జిప్పు పళ్లకో, నీళ్ల సీసాకో రాసుకుంటుంది. ముందు నాలుగు మూలలూ మొద్దుబారతాయి. తర్వాత వీపు పైనా కిందా చిరుగుతుంది. ఆ తర్వాత అట్ట మడతపడే చోట సన్నగా చీలిక వస్తుంది. ఒకసారి ఆ చీలిక వచ్చిందంటే అట్ట చేతిలోకి రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

బైబిలుకి ఈ కష్టం ఇంకొంచెం ఎక్కువ. అరవై ఆరు పుస్తకాలని ఒకే అట్టలో ఇమడ్చాలి కాబట్టి కాగితం చాలా పల్చగా ఉంటుంది. వెయ్యికి పైగా పేజీలు. బరువేమో ఇటుకంత, మెత్తదనం దిండంత. బ్యాగులో వీపు పైకి, పేజీల అంచు కిందకి ఉండేలా పడేస్తే ఆ కాగితాల బరువంతా వీపుకి వేలాడుతుంది. నెలలు గడిచేసరికి లోపలి కట్ట అట్ట నుంచి జారిపోతుంది. నేను నాలుగేళ్లు అలాగే మోశాను.

అట్టల సంగతి మరీ విచిత్రం. ఇప్పుడొస్తున్న బైబిళ్లలో తోలులా కనపడే మెత్తటి అట్టలు చాలావాటికి పైన పాలియురిథేన్ పూత ఉంటుంది. గాలిలో ఉండే తేమకీ వేడికీ ఆ పూత విడిపోతుంది. బీరువాలో భద్రంగా దాచిన చెప్పులు, హాల్లో సోఫా పొలుసులు పొలుసులుగా రాలడం చూసుంటారు కదా, అదే ఇది. వాడకపోయినా పోతుంది. పోనీ పైన ప్లాస్టిక్ తొడుగు వేద్దామా అంటే, పారదర్శకంగా ఉండే పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థాలు మెల్లగా బయటికొచ్చి అట్టకి అతుక్కుంటాయి. కొన్నేళ్లకి తొడుగు లాగితే దాంతోపాటు బంగారు అక్షరాలు కూడా వచ్చేస్తాయి. జిప్పు కవరు మూలల్ని బాగా కాపాడుతుంది, కాదనను. కానీ అందులో మనం బైబిలు ఒక్కటే పెట్టం. పాటల పుస్తకం, పెన్ను, కానుక కవరు, ఎవరి పెళ్లిదో శుభలేఖ, అన్నీ కుక్కి జిప్పు బలవంతంగా లాగుతాం. లోపల వీపు విరుగుతుంది. వానలో తడిస్తే ఆ తేమ బయటికి పోయే దారుండదు, బూజు పడుతుంది.

ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఆ రాత్రి మాత్రం కవర్లు చూస్తూ పోయాను. శిలువ ఉన్నవి, పావురం ఉన్నవి, బంగారు అక్షరాలతో పరిశుద్ధ గ్రంథము అని రాసినవి, లేసు అల్లినవి. చివరికి బూడిదరంగుది ఒకటి తీసుకున్నాను. దానిమీద ఏమీ లేదు, ఒక గీత కూడా. నా అభిరుచి అలాంటిదని సర్దిచెప్పుకున్నాను.

వారం తర్వాత ఆఫీసులో బ్యాగులోంచి లాప్‌టాప్ తీస్తుంటే ఆ కవరు బయటికొచ్చింది. పక్క సీటతను చూసి, "కొత్త ఐప్యాడా?" అన్నాడు.

"ఊఁ, అలాంటిదే," అన్నాను.

అబద్ధమాడాలని ముందే అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది, అంత తేలిగ్గా వచ్చినందుకే భయమేసింది. దాని వెనకే ఇంకోటి కూడా వచ్చింది, ఒక చిన్న నిట్టూర్పు. హమ్మయ్య, బయటపడలేదు. అప్పుడు అర్థమైంది, ఆ కవరు కొన్నది పుస్తకం కోసం ఒక్కదానికే కాదని. మరి అది కాపాడుతున్నది పుస్తకాన్నా, నన్నా?

*

అమ్మమ్మది బాపట్ల దగ్గర ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరి అవతల పల్లె. ఇరవై దాటాక, ఇద్దరు పిల్లలు పుట్టాక చదువుకుంది. ఆ రోజుల్లో మిషను తరఫున బైబిల్ ఉమన్ అని ఒకామె ఇంటింటికీ వచ్చి ఆడవాళ్లని కూర్చోబెట్టి వాక్యం చదివి వినిపించేది. చదివించుకోవడంతో ఆగకుండా తానే చదవాలని అమ్మమ్మ పట్టుబట్టింది. ఆమె అక్షరాలు దిద్దింది పలక మీద కాదు, చేట మీద ఆరబోసిన నూకల్లో అని చెప్పేది. తర్వాత ఎప్పుడో, కూలి డబ్బుల్లోంచి మిగిల్చి, ఈ బైబిలు కొనుక్కుంది.

గుడి ఊరికి అటువైపు రోడ్డు మీద ఉండేది. మా వైపు చర్చిని కూడా గుడి అనే అంటారు. పల్లె నుంచి గుడికి వెళ్లాలంటే ఊళ్లో పెద్ద వీధిలోంచి నడవాలి. ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, తలకి కొబ్బరినూనె రాసుకుని, బైబిలుని ఎడం చేత్తో గుండెకి ఆనించి పట్టుకుని నడిచేది. చిన్నప్పుడు సెలవులకి వెళ్లినప్పుడు నేను పక్కనే నడిచేదాన్ని. చేతికి ఒక గుడ్డ సంచి కూడా ఉండేది, అందులో కళ్లజోడు పెట్టె, నాకోసం రెండు జంతికలు. బైబిలు మాత్రం అందులో పెట్టేది కాదు.

ఒకసారి అడిగాను. "అమ్మమ్మా, సంచీలో పెట్టుకోవచ్చుగా? చెయ్యి నొప్పెట్టదా?"

"సంచీలో పెడితే కూరగాయలనుకుంటారే. పుస్తకమని తెలియాలిగా," అంది.

అప్పుడు నవ్వాను. ఆమె పోయాక ఒకరోజు అమ్మ ఇంకో సంగతి చెప్పింది. అమ్మమ్మ వాళ్లమ్మ ఆ వీధిలో నడిచేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేదట. అదే వీధి. తల్లి చేతిలో చెప్పులు, కూతురి చేతిలో పుస్తకం. అప్పటినుంచి ఆ కూరగాయల మాటకి నాకు నవ్వు రావడం లేదు.

అలాగని ఆమె పుస్తకాన్ని కాపాడుకోలేదా అంటే, ఆమె కాపాడుకున్నట్టు నేను నా ఫోన్‌ని కూడా కాపాడుకోను. వానొస్తే పైట తీసి దానికి చుట్టి, తను తడుస్తూ నడిచేది. వీపు ఊడితే అన్నం మెతుకులతో కాగితం అతికించేది. ప్రతి క్రిస్మస్‌కీ ముందు పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేది, బొమ్మలవైపు లోపలికి, తెల్లవైపు బయటికి. ఆ తెల్లటి కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో బైబిలు అని రాసి, కింద తన పేరు రాసేది. వత్తులు కొన్ని తప్పులు పోయేవి. పేరు మాత్రం ఎప్పుడూ తప్పుపోలేదు.

ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తుంది. ఆమె కూడా పుస్తకానికి కవరు వేసింది, నేనూ వేశాను. ఆమె వేసిన కవరు మీద లోపల ఏముందో, అది ఎవరిదో రాసుంది. నా కవరు మీద ఏమీ లేదు.

*

దీన్ని పిరికితనం అని కొట్టిపారేయడం తేలిక. నేనూ కొన్నాళ్లు అలాగే నన్ను నేను తిట్టుకున్నాను. కానీ అది పూర్తి నిజం కాదు.

తెలుగు ఊళ్లలో బైబిలు చేతిలో ఉంటే మతం ఒక్కటే కాదు, చాలాసార్లు కులం కూడా బయటపడుతుంది. హైదరాబాదులో అద్దెకి ఇల్లు చూస్తూ తిరిగినప్పుడు "మీరేమిట్లు?" అన్న ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. సూటిగా అడగనివాళ్లు నాన్వెజ్ తింటారా అంటారు, ఇంటిపేరు ఏంటంటారు, ఆదివారాలు ఎక్కడికెళ్తారంటారు. నల్ల అట్ట, ఎర్రటి పేజీల అంచు ఉన్న ఒక పుస్తకం టేబుల్ మీద కనపడితే ఈ ప్రశ్నలేవీ అక్కర్లేదు.

చట్టం కూడా ఈ దాపరికానికి తన వంతు సాయం చేసింది. 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్లు షెడ్యూల్డ్ కులం కిందకి రారు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవులు, ముస్లిములు బయటే ఉండిపోయారు. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లకి తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ అని ఒక గ్రూపు ఉంది, దానికి ఒక శాతం రిజర్వేషను. మతం మారినంత మాత్రాన అమ్మమ్మ ఇల్లు పల్లె నుంచి ఊళ్లోకి మారలేదు, పెద్ద వీధిలో చూపులూ మారలేదు. కాగితం మాత్రం మారిపోయిందంది. అందుకే మా వైపు ఎంతోమందికి బళ్లో ఒక పేరు, గుళ్లో ఒక పేరు. మా అమ్మ తరం అంతా ఈ రెండు పేర్ల మధ్య జాగ్రత్తగా నడిచింది. నా సర్టిఫికెట్‌లో ఏముందో ఇక్కడ రాయను. రాయకపోవడం కూడా ఒక కవరే, ఒప్పుకుంటాను.

కాబట్టి, దాచుకునేవాళ్లంతా అబద్ధీకులు అనే తీర్పు నాకు నచ్చదు. ధైర్యం చెయ్యమని చెప్పేవాళ్లు ఆ ధైర్యానికయ్యే ఖర్చు కట్టరు. అమ్మమ్మకి ఆ వీధిలో ముందూ వెనకా పల్లెలోని ఆడవాళ్లు నడిచేవారు, అందరి చేతుల్లోనూ పుస్తకాలే. నేను మెట్రోలో ఒక్కదాన్నే. అయినా ఆ బూడిదరంగు కవరు చూసినప్పుడల్లా ఏదో గుచ్చుకుంటూనే ఉండేది. ఎందుకో తేల్చుకోలేక, ఇలాంటప్పుడు నేను ఎప్పుడూ చేసే పనే చేశాను, చదవడం మొదలుపెట్టాను. పాతకాలంలో జనం బైబిళ్లని ఎలా మోసేవారు, వేటిలో పెట్టి మోసేవారు అని.

అలా రెండు పుస్తకాలు తగిలాయి.

మొదటిది ఐర్లండ్‌లోది. దాని పేరు కథాక్, అంటే పోరాడేది అని అర్థం. లాటిన్‌లో రాసిన కీర్తనల గ్రంథం. సెయింట్ కొలంబా స్వయంగా రాశాడని అక్కడివాళ్ల నమ్మకం. పదకొండో శతాబ్దంలో దానికి వెండి పూత పూసిన అందమైన లోహపు పెట్టె చేయించారు. ఓడోనెల్ వంశం వాళ్లు యుద్ధానికి వెళ్లేటప్పుడు ఆ పెట్టెని సైన్యం చుట్టూ తిప్పి తీసుకెళ్లేవాళ్లు, విజయం వస్తుందని. పెట్టె తెరవకూడదు, తెరిస్తే అరిష్టం అని ఒక నమ్మకం. 1813లో విలియం బెథమ్ అనే ఆయన దాన్ని తెరిచేసరికి లోపలి తోలు పేజీలు తేమకి అతుక్కుపోయి ముద్దగా ఉన్నాయి. ముందు పేజీలు, చివరి పేజీలు లేవు. మిగిలినవి యాభై ఎనిమిది ఆకులు. పెట్టె మాత్రం దివ్యంగా ఉంది. తరతరాలుగా అంతమంది మోశారు, అంతమంది దానిమీద ప్రమాణాలు చేసుంటారు, లోపల కీర్తనలు పాడైపోతున్న సంగతి ఎవరికీ తెలియలేదు.

రెండోది ఇంగ్లండ్‌లోది. సెయింట్ కత్బర్ట్ సువార్త అంటారు. అరచేతికంటే కొంచెం పెద్దది, యోహాను సువార్త ఒక్కటే ఉంటుంది. ఎర్రటి తోలు అట్ట, దానిమీద ఉబ్బెత్తుగా తీగల అల్లిక. పదమూడు వందల ఏళ్ల నాటిది. యూరప్‌లో మొదటి బైండింగుతో చెక్కుచెదరకుండా మిగిలిన పుస్తకాల్లో ఇదే పాతది. 2012లో బ్రిటిష్ లైబ్రరీ దీన్ని తొంభై లక్షల పౌండ్లకి కొంది. అంతకాలం అంత బాగా ఎలా ఉందంటే, అది ఉన్నది శవపేటికలో. కత్బర్ట్ శరీరం పక్కన పెట్టారు. 1104లో డరమ్‌లో ఆ పేటిక తెరిచినప్పుడు దొరికింది.

ఈ రెండూ చదివిన రాత్రి లేచి నా బ్యాగు తీసి చూశాను. నాలుగేళ్లలో నేను అమ్మమ్మ బైబిలుని ఎన్నిసార్లు తెరిచానో లెక్కేద్దామనుకున్నాను. లెక్కకి ఒక చేతి వేళ్లు సరిపోయాయి. ఆ ఓడోనెల్ సైన్యానికీ నాకూ తేడా ఏంటి? పుస్తకాన్ని వెంట తిప్పుకుంటున్నాను, అంతే.

*

అప్పుడు ఒకటి గమనించాను. ఆ బైబిలు మీద రెండు రకాల అరుగుదల ఉంది.

ఒకటి అమ్మమ్మది. ఎడంవైపు అట్ట మధ్యలో, నాలుగు వేళ్లు ఆనే చోట, రెక్సిను గరుకు పోయి నున్నగా మెరుస్తోంది. కీర్తనల గ్రంథం దగ్గర పేజీల అంచులు గోధుమరంగుకి తిరిగాయి. కొబ్బరినూనె, చెమట, పేజీ తిప్పడానికి తడి చేసుకున్న వేలు. పుస్తకాన్ని కింద పెట్టి వదిలేస్తే దానంతటదే అక్కడే తెరుచుకుంటుంది. రెండోది నాది. మొద్దుబారిన మూలలు, చిరిగిన వీపు, తాళాల గీతలు, ఇప్పుడు ఆవకాయ. అమ్మమ్మ చెయ్యి వల్ల అరిగింది ముప్పై నలభై ఏళ్లలో, నా సంచి వల్ల అరిగింది నాలుగేళ్లలో. ఒకటి చదివితే వచ్చింది, ఇంకోటి చదవకపోతే వచ్చింది.

వస్తువుల పట్ల మనకుండే గౌరవం గురించి ఆలోచించినప్పుడు మనం సాధారణంగా ఒక్క ప్రశ్నే వేసుకుంటాం, ఇది పాడవకుండా ఎలా చూడాలి అని. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే జాతి మనది. కానీ ఎప్పటికీ పాడవకూడదు అనుకుంటే దానికి తగిన చోటు శవపేటిక, దాన్నిప్పుడే చెప్పుకున్నాం. బతికున్నవాళ్ల చేతుల్లో ఉన్న పుస్తకం అరిగితీరుతుంది. మన చేతిలో ఉన్నదల్లా అది దేనివల్ల అరగాలి అన్నది.

అలా చూస్తే కవరు తప్పు కాదు, అవసరం కూడా. సంచి వల్ల అరిగేది ఆపితేనే చెయ్యి వల్ల అరగడానికి పుస్తకం మిగులుతుంది. ఏ కవరుకైనా పెట్టాల్సిన పరీక్ష ఒకటే అనిపించింది, అది ఎంత తేలిగ్గా తెరుచుకుంటుంది? తెరవడానికి వీలుగా ఉన్నది కాపలా. తెరవడానికే భయపెట్టేది పెట్టె. నా బూడిదరంగు కవరు జిప్పు బాగానే పనిచేస్తుంది. నాకే నలుగురిలో దాన్ని లాగడానికి చెయ్యి రాదు. దానివల్ల ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా లాగడం మానేశాను. దాచడంలో ఉన్న ఇబ్బంది ఇదేననుకుంటా. ఎవరినుంచో దాద్దామని మొదలుపెడతాం. కొన్నాళ్లకి మననుంచి కూడా దాగిపోతుంది.

*

పాతబస్తీలో ఒక బైండింగు షాపు ఉందని స్నేహితురాలు చెబితే తీసుకెళ్లాను. షాపంటే గోడలో ఒక గూడు, ఒక మనిషి కూర్చునేంత. పెద్దాయన కళ్లజోడు పైకి జరుపుకుని పుస్తకాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. నేను సంచిలోంచి ఒక్క చేత్తో తీసి ఇచ్చినందుకు కొంచెం సిగ్గేసింది.

నూనె పట్టిన పేజీల మధ్య ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, పైనా కిందా అద్దుడు కాగితాలు పెట్టి, బరువు కింద పెట్టాడు. మరక పూర్తిగా పోదనీ, పాకడం ఆగుతుందనీ చెప్పాడు. తర్వాత అట్ట అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తది చెయ్యాల్నా, పాతదే నిలబెట్టాల్నా?"

"పాతదే. మూలలు ఇంకెప్పుడూ పాడవకుండా చెయ్యొచ్చా?"

ఆయన నవ్వాడు. "అట్ట ఉన్నదే ఖరాబ్ అయ్యేతందుకు అమ్మా. అది ఖరాబ్ కాకపోతే లోపల కాయితాలు ఖరాబ్ అయితయ్."

ఇన్ని వారాలు నేను ఐర్లండూ ఇంగ్లండూ తిరిగి తెలుసుకున్నది ఆయనకి వృత్తిలో భాగంగా తెలుసు. వాళ్లింట్లో ఖురానుకి గుడ్డతో కుట్టిన జుజ్దాన్ ఉంటుందట. అలాంటిదే ఒకటి కుట్టుకోమన్నాడు. గుడ్డ తేమని పట్టి ఉంచదు, రాసుకున్నా గీతలు పడవు, మాసిపోతే ఉతుక్కోవచ్చు. బ్యాగులో వీపు కిందకి పెట్టి, మన నడుముకి ఆనే వైపు నిటారుగా నిలబెట్టమన్నాడు. టిఫిన్ డబ్బాకి వేరే సంచి పెట్టుకోమన్నాడు. ఇది చెప్పేటప్పుడు మాత్రం కొంచెం కోపంగా చూశాడు.

లేవబోతుంటే అడిగాడు. "వీపు మీద పేరు వెయ్యాల్నా? బంగారు అచ్చరాలు."

మామూలు ప్రశ్నే. నా నోరు పెగల్లేదు. రేపు చెప్తానని వచ్చేశాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. "ఎందుకమ్మాయ్ లేనిపోనివి. ఆఫీసుకి తీసుకెళ్తావు, నలుగురూ చూస్తారు. ఖాళీగా ఉంచమను," అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మే అంది, "మా అమ్మయితే రాయించేది."

మర్నాడు వెళ్లి చీటీ మీద రాసిచ్చాను. పైన పరిశుద్ధ గ్రంథము, కింద అమ్మమ్మ పేరు. వత్తులు సరిచూసుకోమని రెండుసార్లు చెప్పాను.

*

గుడ్డ సంచి అమ్మమ్మ తెల్లచీర కొంగుతో కుట్టించాను. నోటి దగ్గర తాడు, ఒక్క లాగుకి ఊడే ముడి. బూడిదరంగు కవరులో ఇప్పుడు చార్జరు పెట్టుకుంటున్నాను, దానికది బాగా పనికొస్తోంది.

దీంతో నేను ధైర్యవంతురాలిని అయిపోయానని చెప్పను. మొన్న ఇంకో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనరుగారు మాట్లాడుతున్నంతసేపూ బ్యాగు జిప్పు మీద నా చెయ్యి అలాగే ఉంది, మూసిపెట్టి. ఆ సాయంత్రం వచ్చి పుస్తకం తెరిచి కూర్చున్నాను. నమ్మి చదివానా, అమ్మమ్మ కోసం చదివానా అంటే చెప్పలేను. నూనె పట్టిన పేజీలు తిప్పుతుంటే వేళ్లకి ఇంకా ఆవకాయ వాసన వస్తోంది. ఆ మరక అక్కడే ఉంటుంది. ఉండనీ, అది నాది.

పోయిన వారం ఆఫీసులో లాప్‌టాప్ తీస్తుంటే తెల్లటి సంచి బయటికొచ్చింది. పక్క సీటతను చూశాడు.

"ఏంటి, ఐప్యాడ్‌కి చీర కట్టావా?"

"ఐప్యాడ్ కాదు. మా అమ్మమ్మ పుస్తకం."

"ఏం పుస్తకం?"

తాడు లాగాను. ఒక్క లాగుకే వచ్చింది.